అయిదు నక్షత్రాలు, ఒక కుర్చీ

మా డోర్నకల్‌లో హోటల్ అంటే తినే చోటు. పొద్దున ఇడ్లీ, పూరీ, సాయంత్రం మిర్చి, రోజంతా చాయ్. పడుకోవడానికి గది ఇచ్చేదాన్ని లాడ్జి అంటారు. ఎవరైనా "రాత్రంతా హోటల్లోనే ఉన్నా" అంటే అక్కడ పనికి కుదిరాడేమో అనుకుంటారు మావాళ్లు. హైదరాబాద్ చేరేసరికి అదే మాట ఇరవై అంతస్తులు ఎక్కి కూర్చుంటుంది. అక్కడ తిండీ ఉంటుంది, పడకా ఉంటుంది, కానీ బిల్లులో ఎక్కువ భాగం ఆ రెండింటికీ కాదు. మరి దేనికి? దాన్ని కొనుక్కోవడంలో తప్పేమైనా ఉందా? ఉంటే సరిగ్గా ఎక్కడుంది?

ఈ ప్రశ్నలు నాకు పుస్తకాల్లో ఎదురవలేదు. ఈ ఏడాది అమ్మా బాపుల పెళ్లికి నలభై ఏళ్లు నిండాయి. బాపు రైల్వేలో ట్రాక్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయన చేరిన కొత్తలో ఆ ఉద్యోగాన్ని గ్యాంగ్‌మన్ అనేవాళ్లు. డోర్నకల్‌కు అటూ ఇటూ ఉన్న పట్టాల వెంట ఎండలో, వానలో, రాత్రి గస్తీల్లో ముప్పై ఏళ్లకు పైగా నడిచాడు. ఆయనా అమ్మా ఇల్లు వదిలి నిద్రపోయింది చుట్టాల ఇళ్లలో, ఆస్పత్రి వరండాల్లో, యాత్రలకు పోయినప్పుడు సత్రాల్లో. "ఒక్కసారన్నా మంచి హోటల్ల రెండ్రోజులు ఉంచుదాం అన్నా" అంది చెల్లె. ఫోన్ చేసి చెబితే బాపు అడిగిన మొదటి మాట ధర గురించే. "పండుకునేతందుకు గన్ని పైసలా? కండ్లు మూసినంక ఏ మంచమైతేంది?"

ఇందులో రెండు అభ్యంతరాలున్నాయి. ఏ మంచమైనా ఒకటే అన్నది నిజం కాదని ఆయన నడుముకే తెలుసు. రెండోది, అన్ని పైసలా అన్నది, అంత తేలిగ్గా పోదు. విలాసం ఎక్కడ మొదలవుతుందో పన్నుల శాఖకు ఒక లెక్క ఉంది: రోజుకు 7,500 రూపాయలు దాటిన గది మీద 18 శాతం జీఎస్టీ. మేం చూస్తున్న గదులన్నీ ఆ గీతకు అవతలివే. 1972లో పీటర్ సింగర్ అనే తత్వవేత్త కరువు గురించి రాసిన ఒక వ్యాసం ఇక్కడ అడ్డం వస్తుంది. దారిలో నీటిగుంటలో ఓ పిల్లవాడు మునిగిపోతుంటే, బట్టలు పాడవుతాయని ఆగుతామా? ఆగం. అలాంటప్పుడు, దూరంగా ఎక్కడో ఆకలితో చచ్చిపోతున్నవాణ్ని కాపాడగల డబ్బును మనకు అక్కర్లేనివాటి మీద ఎలా ఖర్చుపెడతాం అని ఆయన అడుగుతాడు. దూరం వల్ల బాధ్యత తగ్గిపోదన్నది ఆయన వాదన.

ఈ వాదనను ఓడించడం నావల్ల కాదు. కానీ అది నా ఫోన్‌కూ, ప్రసాద్స్‌లో టికెట్టుకూ, శనివారం రాత్రి బిర్యానీకీ సమానంగా తగులుతుంది. అన్నిటినీ వదిలేసి అమ్మా బాపుల రెండు రాత్రుల దగ్గర మాత్రమే నాకు సింగర్ గుర్తొస్తే అది నీతి కాదు, పిసినారితనం. పైగా పొదుపు అనేది ఖర్చుపెట్టగలిగీ పెట్టనివాడికి గుణం. జీవితమంతా ఆ అవకాశమే లేనివాళ్లకు దాన్ని గుణంగా అంటగట్టడం మనకు సౌకర్యం, అంతే. ఇంకో సంగతి. ఎంత ఖర్చుపెట్టాలో సింగర్ చెప్పగలడు. పెట్టాలని తేల్చుకున్నాక నాలుగు హోటళ్లలో దేన్ని ఎంచుకోవాలో చెప్పడు. నాకు కావలసింది ఆ రెండోది.

ఎంచుకోవడానికి మనందరికీ ఉన్న సాధనం బుకింగ్ యాప్. ధర, నక్షత్రాలు, అతిథుల మార్కులు, స్విమ్మింగ్ పూల్, ఉచిత టిఫిన్, ఎయిర్‌పోర్టుకు ఎంత దూరం. సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవాణ్ని కాబట్టి ఒకటి తెలుసు: ఫిల్టర్‌లో లేని గుణం కొన్నాళ్లకు లోకంలోనే లేనట్టు అయిపోతుంది. నక్షత్రాల సంగతే చూడండి. మన దేశంలో వీటిని కేంద్ర పర్యాటక శాఖ ఇస్తుంది. దరఖాస్తు చేసుకున్న హోటల్‌ను ఒక కమిటీ వచ్చి తనిఖీ చేస్తుంది. ఒకటి నుంచి అయిదు దాకా నక్షత్రాలు, ఆ పైన అయిదు నక్షత్రాల డీలక్స్. గది ఎంత ఉంది, స్నానాల గది ఎలా ఉంది లాంటివాటితో పాటు సిబ్బందికి విశ్రాంతి గదులున్నాయా, బట్టలు మార్చుకునే చోటుందా, భోజనం చేసే చోటుందా అన్నవి కూడా ఆ తనిఖీ జాబితాలో ఉంటాయి. అంటే పని చేసేవాడి పడక కూడా నక్షత్రంలో ఒక భాగమే. యాప్‌లోకి వచ్చేసరికి పూల్ నీలిరంగు మిగులుతుంది, ఇది రాలిపోతుంది.

బుక్ చేసేముందు ఒక హోటల్‌ను చూసొద్దామని, అమ్మ మోకాళ్లు చూపించుకోవడానికి వాళ్లిద్దరూ నగరానికి వచ్చినప్పుడు, బాపును చాయ్‌కి తీసుకెళ్లాను. పేరు అనవసరం. నేను లాప్‌టాప్ బ్యాగుతో తలుపు దాటాను. వెనక ధోవతిలో, చేతిలో గుడ్డసంచితో వస్తున్న బాపును సెక్యూరిటీ ఆయన ఆపాడు. "ఎవరి కోసం?" అన్నాడు. బాపు నావైపు చూపించి "నా కొడుకు కోసం" అన్నాడు. ఆపిన మనిషికీ బాపుకీ వయసులో పెద్ద తేడా లేదు. లోపల ఒక కుర్రాడు బాపుకు కుర్చీ జరిపాడు. ఎవరైనా ఆయనకు కుర్చీ జరపడం నేను చూడటం అదే మొదలు.

"ఏ ఊరు బిడ్డా మనది?" అని అడిగాడు బాపు.

"గార్ల, సార్."

బాపు మొహం విప్పారింది. గార్ల మా పక్క స్టేషనే. "మనోడివేనా! కూసో బిడ్డా, జెర కూసో." కుర్రాడు నవ్వి అటూ ఇటూ చూశాడు. "మేము కూసోవద్దు సార్" అన్నాడు మెల్లగా. మేం అరగంట ఉన్నాం. ఆ అరగంటా అతను గోడ దగ్గర చేతులు కట్టుకుని నిలబడే ఉన్నాడు. తలుపు దగ్గర ఆపడం నన్ను కోసేసింది. ఆటోలో దాని గురించే మాట్లాడుతుంటే బాపు అసలు పట్టించుకోలేదు. "ఆపిండంటే ఆని డ్యూటీ. గంతసేపు ఒక పోరడు ముంగట నిలవడి చూస్తుంటె గా చాయ్ ఎట్ల దిగుతది?" అన్నాడు. అవమానం ఎక్కడుందో నేనొక చోట వెతుకుతున్నాను. ఆయనకు అది ఇంకో చోట కనపడింది.

ఈ కుర్చీ గురించే వందేళ్ల కిందట ఒక మనిషి చాలా పెద్ద సభలో మాట్లాడాడు, ఆయనదీ డోర్నకలే. పుట్టింది తిరునెల్వేలి ప్రాంతంలో, 1874లో. వేదనాయకం శామ్యూల్ అజరయ్య. 1909లో మిషనరీ పని మీద డోర్నకల్ వచ్చాడు. 1912లో డోర్నకల్‌కు బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ చర్చిలో బిషప్ అయిన తొలి భారతీయుడు ఆయనే. గుడి స్తంభాలూ, మసీదు గుమ్మటాలూ కలిసినట్టుండే మా ఊరి చర్చి ఆయన కట్టించిందే. అది 1939లో ప్రతిష్ఠ జరుపుకుంది. అయితే నేను చెబుతున్న సభ 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సమావేశం. అక్కడ తెల్ల మిషనరీల ముందు నిలబడి ఆయన చెప్పిందాని సారాంశం ఇది: మీరు మాకోసం ఎన్నో త్యాగాలు చేశారు, ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, అయినా మాతో కలిసి భోంచేయరు, మా ఇళ్లకు రారు. మాకు కావలసింది స్నేహితులు. కరచాలనాలూ, కుర్చీలూ, విందులూ వాటికవిగా తనకు అక్కర్లేదని, స్నేహానికి గుర్తులైతేనే అవి కావాలని ఆయన స్పష్టంగా అన్నాడు. సభలో కొందరికి అది మింగుడుపడలేదు.

కుర్చీ అనే మాట ఆయన ఊరికే తీసుకోలేదనిపిస్తుంది. డోర్నకల్ చుట్టుపక్కల ఆయన ఎక్కువగా పనిచేసింది మాల, మాదిగ పల్లెల్లో. దొర ఎదురుగా మంచం మీద కూర్చోకూడని, చెప్పులేసుకుని నడవకూడని కాలం అది. ఎవరు కూర్చుంటారు, ఎవరు నిలబడతారు అన్నది ఈ నేల మీద ఎప్పుడూ ఫర్నిచర్‌కు సంబంధించిన విషయం కాదు.

ఇప్పుడు ఖరీదైన హోటల్‌ను ఈ మాటల పక్కన పెట్టి చూస్తే ఇబ్బందిగా ఉంటుంది. అజరయ్య ఒంటిగా అక్కర్లేదన్న జాబితానే అది అమ్ముతోంది: కుర్చీ, విందు, చేతులు జోడించి నమస్కారం. స్నేహం తీసేసి మిగిలినదంతా. అందుకని దాన్ని కొట్టిపారేసి, పాతకాలపు ఆతిథ్యమే గొప్పదని అనేద్దామా? ఆ ఆతిథ్యం ముందు కులం అడిగేది. ఎన్నో సత్రాలు ఫలానా కులం వాళ్లకే అని రాసి మరీ కట్టినవి. కోటలో ఆతిథ్యం హోదా అడిగేది. హైదరాబాద్‌లో ఫలక్‌నుమా ప్యాలెస్ చూడండి. పాయిగా ప్రభువు వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టి కట్టించుకున్నాడు. అతిథిగా వచ్చిన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు అది తెగ నచ్చడంతో చివరికి ఇల్లే ఆయన చేతికి వెళ్లిపోయిందని కథగా చెప్పుకుంటారు. అతిథి పెద్దవాడైతే ఇల్లు పోయేది, చిన్నవాడైతే గుమ్మం దాటనిచ్చేవాళ్లు కాదు. అదే భవనం 2010 నుంచి తాజ్ వాళ్ల హోటల్. నూటొక్క మంది ఒకేసారి కూర్చోగల భోజనాల బల్ల ఉన్న ఆ ఇంట్లోకి ఇప్పుడు బిల్లు కట్టగలిగితే గ్యాంగ్‌మన్ కొడుకు కూడా వెళ్లొచ్చు. ఇది చిన్న మార్పు కాదు.

రాజ్యాంగం రాసినవాళ్లకు ఇది తెలుసు. పదిహేనో అధికరణం రెండో భాగంలో హోటల్ అనే మాట ఉంది. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఏ పౌరుణ్నీ దుకాణాల్లోకి, హోటళ్లలోకి రానివ్వకుండా ఆపకూడదని. ఇంత పెద్ద పుస్తకంలో హోటల్‌కు చోటు దొరికిందంటే, చాయ్ తాగనివ్వకపోవడం ఎంత పెద్ద గాయమో గుర్తించినందుకే. ఆ జాబితాలో బట్టలు లేవు. ధోవతీ గుడ్డసంచీ చూసి అడిగే "ఎవరి కోసం?" అన్న ప్రశ్న చట్టానికి దొరకదు. కానీ అది ఎక్కడినుంచి వస్తుందో మనకు తెలుసు.

కాబట్టి హోటల్ చేసే పనిని నేను చిన్నచూపు చూడను. డబ్బిచ్చి మర్యాద పొందడంలో ఒక స్వేచ్ఛ ఉంది. ఎవరి దయా అక్కర్లేదు, ఎవరి ఋణమూ మిగలదు. అక్కడ స్నేహం లేదని బాధపడటం కూడా సరికాదేమో. అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో విమానాల్లో పనిచేసే అమ్మాయిల మీద ఒక పుస్తకం రాసింది. చిరునవ్వు కూడా శ్రమేనని, సంస్థ ఆ నవ్వును లోపలి నుంచి రప్పించాలని చూసినప్పుడు మనిషి తన భావాలకే పరాయివాడవుతాడని అందులో చెప్పింది. ఆ లెక్కన గార్ల కుర్రాడి నుంచి మర్యాదతో పాటు ఆత్మీయత కూడా ఆశించడం, జీతం పెంచకుండా ఇంకో పని అప్పజెప్పడమే. బాపు "కూసో" అనడంలో ప్రేమ ఉంది. కానీ కూర్చుంటే మాట పడేది అతను. స్నేహాన్ని బలవంతంగా ఇవ్వలేం, కొనలేం.

మరి అజరయ్య మాటకు ఈ గుమ్మంలో చోటే లేదా? ఉందనుకుంటాను, కుర్చీని ఇటు తిప్పి చూస్తే. నాకు కుర్చీ జరిపే మనిషికి ఒక కుర్చీ ఉందా? అడగాల్సింది ఇదొక్కటే. అతను నాకు స్నేహితుడు కానక్కర్లేదు. ఎప్పుడైనా కాగలిగే మనిషిలా అక్కడ ఉంటే చాలు. పని లేనప్పుడు కూర్చోగలగడం దానికి కనీస గుర్తు. ఇది మరీ సున్నితమైన ఆలోచన అనుకునేవాళ్లు వేరే రాష్ట్రాలు చూడాలి. బట్టల షాపుల్లో రోజంతా నిలబడే ఆడవాళ్లు పోరాడాక 2018లో కేరళ, 2021లో తమిళనాడు, దుకాణాల సిబ్బందికి కూర్చునే వసతి ఉండాలని చట్టాలు సవరించాయి. కూర్చునే హక్కు అని దానికి పేరే ఉంది.

పడక సంగతీ అంతే. డోర్నకల్ జంక్షన్. ఒక దారి విజయవాడకు, ఒకటి కాజీపేటకు, ఒకటి కొత్తగూడెం బొగ్గు వైపు. ఇలా బండ్లు నడిపేవాళ్లు ఊరుగాని ఊళ్లో డ్యూటీ దిగితే నిద్రపోవడానికి రైల్వే రన్నింగ్ రూములు కట్టింది. మంచం, దుప్పటి, వేడి అన్నం. బాపు వాటిల్లో ఏనాడూ పడుకోలేదు, అవి లోకో పైలట్లకు, గార్డులకు. వాళ్లను ముద్దు చేయడానికి కట్టినవి కావవి. డ్రైవర్ నిద్రపోకపోతే వెనక పెట్టెల్లో ఉన్న వెయ్యిమంది బతకరు కాబట్టి కట్టారు. ఇప్పుడు అద్దె కారు ఆలోచించండి. డోర్నకల్ నుంచి నాలుగైదు గంటలు నడిపి అమ్మా బాపులను పోర్టికోలో దించిన డ్రైవర్, ఆ రాత్రి సెల్లార్‌లో సీటు వెనక్కి వాల్చి, దోమల్లో పడుకుంటాడు. పైన మెత్తటి పరుపు మీద పడుకున్నవాళ్లను తిరిగి ఇంటికి చేర్చాల్సింది అతనే. 2023లో తమిళనాడు ప్రభుత్వం హోటళ్లు, లాడ్జీలు అతిథుల డ్రైవర్లకు పడకలు, మరుగుదొడ్లు తప్పకుండా ఏర్పాటు చేయాలని భవన నిబంధనలు మార్చింది. పూల్ కంటే ఇది చాలా తక్కువ ఖర్చు.

ఇదంతా డబ్బున్నవాడు తన అంతరాత్మకు చేయించుకునే మసాజ్ అని ఒక మిత్రుడు అన్నాడు. అంత బాధైతే చవకైన లాడ్జిలో దిగొచ్చు కదా అని కూడా. లాడ్జిలో రిసెప్షన్ బల్ల కిందే పడుకుని, అర్ధరాత్రి వచ్చినవాడికి లేచి తాళం ఇచ్చే పిల్లవాణ్ని అతను చూడలేదో, చూసి మరిచిపోయాడో. తక్కువ ఖర్చు పెడితే చేతులు శుభ్రంగా ఉంటాయన్నది ఒక భ్రమ. తేడా ఏమిటంటే, లాడ్జి యజమాని తన దగ్గర డబ్బు లేదని చెప్పగలడు. రాత్రికి పదిహేను వేలు తీసుకునేవాడు ఆ మాట చెప్పలేడు. విలాసం తప్పు కాదు. విలాసానికి సాకులు తక్కువ, అంతే. అంత డబ్బు తీసుకునే చోట కూడా ఒక స్టూలు లేదంటే, అది లేకపోవడం కాదు, ఉంచకూడదని ఎవరో తీసుకున్న నిర్ణయం. నిలబడి ఉన్న మనిషి కూడా మనకు చూపించే అలంకారంలో భాగమన్నమాట.

చివరికి చెల్లె, నేను చెరి రెండు హోటళ్లకు ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడిగాం. మా డ్రైవర్ రాత్రి ఎక్కడ పడుకుంటాడు? లాబీలో పనిచేసేవాళ్లు కూర్చోవచ్చా? ఒకచోట ప్రశ్న అర్థం కాక రూమ్ సర్వీస్‌కు కలిపారు. ఒకచోట నవ్వారు. ఇంకోచోట, ఈమెయిల్ పెట్టమన్నారు, పెడితే జవాబు రాలేదు. నాలుగో చోట డ్యూటీ మేనేజర్ దాచకుండా చెప్పింది: డ్రైవర్లకు కింద ఆరు మంచాల గది ఉంది, సిబ్బంది క్యాంటీన్‌లోనే వాళ్లకూ భోజనం, కూర్చోవడం గురించి మాత్రం మా దగ్గర కూడా మంచి జవాబు లేదు సార్. అదే బుక్ చేశాం. జాబితాలో అది అన్నిటికన్నా ఖరీదైనదీ కాదు, చవకైనదీ కాదు. రెండో ప్రశ్నకు కూడా మంచి జవాబున్న హోటల్ హైదరాబాద్‌లో ఉండే ఉంటుంది. యాప్‌లో ఆ ఫిల్టర్ ఉంటే వెతికేవాణ్ని.

అమ్మ రెండు రోజులూ బాత్‌టబ్‌లో బకెట్ పెట్టుకునే స్నానం చేసింది. బాపు పొద్దున్నే అయిదింటికి లేచి కిందికి వెళ్లి డ్రైవర్‌తో కలిసి చాయ్ తాగొచ్చాడు. ఖాళీ చేసిన సాయంత్రానికి యాప్ నుంచి మెసేజ్ వచ్చింది. శుభ్రతకు ఎన్ని మార్కులు, టిఫిన్‌కు ఎన్ని, సిబ్బందికి ఎన్ని. సిబ్బంది అన్న చోట అయిదుకు అయిదు నొక్కాను. అక్కడ మార్కు తగ్గిస్తే ఆ దెబ్బ ఎవరికి తగులుతుందో తెలుసు కనుక. కింద మీ సూచనలు రాయండి అని ఒక ఖాళీ గడి ఉంది. లాబీలో గోడ పక్కన రెండు స్టూళ్లు వేయించండి, అతిథులకు కాదు అని రాశాను.